ప్లాంటు కంటే ముందు రెండు బుట్టలు

‘గుంటూరు వాళ్లకు చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది. బందరులోనూ ఒకటి పెడితే మనకు ఇక్కడే ఉద్యోగాలు దొరుకుతాయి కదా!’ గుడివాడ, మచిలీపట్నంలో డిప్లొమా, ఇంజినీరింగ్ చదివేవాళ్లతో మాట్లాడితే ఈ మాట వినిపిస్తుంది. ఆశపడటం తప్పు కాదు. కానీ ఒక్కసారి కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేయండి.

కొండవీడు దగ్గర 2022లో మొదలైన జిందాల్ ప్లాంటు సామర్థ్యం 15 మెగావాట్లు. విశాఖలో కాపులుప్పాడ ప్లాంటుదీ అంతే. ఇలాంటి బాయిలర్ నిండాలంటే రోజుకు వెయ్యి టన్నుల దాకా చెత్త కావాలి. 2011 లెక్కల ప్రకారం మచిలీపట్నం జనాభా సుమారు 1.70 లక్షలు, గుడివాడది 1.18 లక్షలు. మనిషికి రోజుకు 400 గ్రాములు వేసుకున్నా రెండు ఊళ్లకూ కలిపి 115 టన్నులు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి కలుపుకున్నా వెయ్యికి ఆమడ దూరంలోనే ఉంటాం.

పోనీ, చిన్నదే పెట్టమందాం అంటారా? అసలు చిక్కు తడితో వస్తుంది. మన బండిలో పడేవి ఏమిటి? అరటి తొక్కలు, కొబ్బరి బొండాలు, చేపల మార్కెట్ వ్యర్థాలు, కర్రీ పాయింట్‌లో మిగిలిన సాంబారు. వానాకాలంలో అయితే చెప్పనే అక్కర్లేదు. కిలో నీరు ఆవిరైపోవడానికే దాదాపు 600 కిలో కేలరీల వేడి కావాలి. అంటే పొయ్యిలో పుట్టిన వేడిలో పెద్ద వాటా చెత్తను ఆరబెట్టడానికే ఖర్చవుతుంది. ఇక టర్బైన్‌కు మిగిలేదెంత?

ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో ఇదే జరిగింది. 1987లో డెన్మార్క్ సంస్థ కట్టిన ప్లాంటును కిలోకు 1,400కు పైగా కిలో కేలరీలు ఇచ్చే చెత్త వస్తుందని డిజైన్ చేశారు. తీరా వచ్చిన చెత్తలో ఉన్నది అందులో సగమే. మూడు వారాలకే ఆపేయాల్సి వచ్చింది. యంత్రంలో లోపం లేదు, మన చెత్త స్వభావం తెలియకుండా కట్టారంతే.

అందుకే నా మాట ఇది: ప్లాంటు అడగడం ఆపి, ముందు తడి, పొడి చెత్తను వేరుచేసే ఏర్పాటు అడగండి. కాలే పొడి చెత్తను గట్టిగా కట్టలు కట్టి కొండవీడుకు పంపొచ్చు. వంద కిలోమీటర్లు దాటిన దూరం. తడి చెత్త కలిపి పంపితే డీజిల్ పోసి నీళ్లు మోసినట్టే! ఆ తడి చెత్తకు ఇక్కడే బయోగ్యాస్, కంపోస్ట్ చాలు. 2016 కేంద్ర నిబంధనలు కూడా రీసైకిల్‌కు పనికిరాని, కిలోకు 1,500 కిలో కేలరీలు, ఆపైన ఇచ్చే చెత్తనే ఇంధనంగా వాడమన్నాయి. 2024 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి చంద్రబాబు చెత్త పన్ను రద్దు ప్రకటించింది బందరులోనే. పన్ను పోయినందుకు అందరం సంతోషించాం గానీ, తొక్కలూ కవర్లూ ఒకే సంచిలో కట్టి ఇవ్వడం మానామా?

పొగ గురించి భయపడేవాళ్లను నేను కొట్టిపారేయను. మంట 850 డిగ్రీల కిందికి పడిపోతే, ఫిల్టర్లు సరిగా పనిచేయకపోతే డయాక్సిన్ల ముప్పు నిజమే. ఆ కొలతలు ఇరవై నాలుగు గంటలూ చూసేవాళ్లు కావాలి. మీ ఉద్యోగాల సంగతి సరిగ్గా ఇక్కడే ఉంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా, కెమిస్ట్రీ బీఎస్సీ చదివినవాళ్లకు ఉద్గారాల పర్యవేక్షణలో పని ఉంటుంది. ఐటీఐ చేసినవాళ్లు అనుభవం సంపాదించి బాయిలర్ అటెండెంట్ పరీక్ష రాయొచ్చు. ఆ సర్టిఫికెట్ రైస్ మిల్లు నుంచి థర్మల్ కేంద్రం దాకా ఎక్కడైనా పనికొస్తుంది. వార్డు శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ కార్యదర్శి పోస్టుకు మళ్లీ నోటిఫికేషన్ వస్తే, చెత్తను తూకం వేసి చూసిన అనుభవం పుస్తకంలో దొరకనిది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? డీఎస్సీ కోచింగ్ పుణ్యమా అని అవనిగడ్డలో హాస్టళ్లకు కొదవ లేదు. ఒక హాస్టల్‌ను ఎంచుకోండి. వారం రోజులు తడి ఎంత, పొడి ఎంత, కాలేది ఎంత అని తూకం వేసి రాయండి. బందరు, గుడివాడల్లో ఉన్నవాళ్లు ఒక కల్యాణ మండపం, ఒక మార్కెట్ లైను చూడండి. ఫైనలియర్ ప్రాజెక్టుగా కాలేజీలో ఇవ్వండి, ఒక జిరాక్స్ కాపీ మునిసిపల్ కమిషనర్ ఆఫీసులో ఇచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి.