మెట్టప్రాంతమున కళావిద్యకు నెలవు కావలెను

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన ప్రతి వేసవియందును జంగారెడ్డిగూడెమున ఇంటింటను ఒకే ఆలోచన సాగుచుండును: ఇంజనీరింగా, ఫార్మసీయా, వ్యవసాయశాస్త్రమా అని. చిత్రలేఖనము, శిల్పము, సంగీతము, నృత్యము, నాటకము అనునవి విశ్వవిద్యాలయమున మూడు నాలుగేండ్లు శ్రద్ధగా అభ్యసింపదగిన విద్యలని ఆ ఆలోచనలో ఎవరికిని తోచదు. పిల్లవాడు చక్కగా బొమ్మలు గీయుచున్నాడని మురిసిన తలిదండ్రులే, ఆ విద్యనే చదువుకొందునని వాడనగానే దిగులుపడుదురు. ఈ దిగులునకు కారణము కళపై అనాదరము కాదు. కళావిద్య మన కనుచూపు మేరలో లేకపోవుటయే అని నా నిశ్చితాభిప్రాయము.

తెలుగువారు ఈ విషయమున ఆలస్యముగా మేల్కొన్నవారు కారు. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ చిత్రకళను బోధింపగా, ఆయన శిష్యుడైన అడివి బాపిరాజు అనంతరకాలమున ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. 1919లో విజయనగరమున నెలకొన్న సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అచట వయొలిన్ ఆచార్యుడు. గుడివాడ ప్రాంతము నుండి చేతిలో చిల్లిగవ్వ లేక ఆ ఊరు చేరిన ఘంటసాల అచటి విద్యార్థి. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు, కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలకు పోయి చదివి, తిరిగివచ్చి స్వస్థలముననే చిత్రకళాశాలను నెలకొల్పి, 28 ఏండ్లు నిండకమునుపే 1925లో కన్నుమూసెను. ఊరు విడిచి పోయి నేర్చినవాడు, తన తరువాతివారు ఊరు విడువనక్కరలేకుండ చేయదలచెను. ఆ తలపు శతాబ్దము గడచినను గోదావరి జిల్లాలలో పూర్తిగా నెరవేరలేదు.

1985లో తెలుగు విశ్వవిద్యాలయము, 1988లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున సరోజినీ నాయుడు కళా విభాగము ఏర్పడినవి. రాష్ట్రవిభజనతో నాటి రాజధాని హైదరాబాదులోని ఆ విద్యాసంపద పొరుగు రాష్ట్రమున నిలిచిపోయెను. కూచిపూడిలో నృత్యమునకు పీఠము కలదు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు కళాశాఖలు కలవు, 2020లో కడపయందు లలితకళల విశ్వవిద్యాలయమును వెలసినది, ఇవి సంతోషకారణములే. కాని బుట్టాయగూడెము నుండి బయలుదేరవలసిన కూలివాని కూతురికి కడప ఎంత దూరమో పాలకులు యోచింపవలెను.

మా ప్రాంతమున ఉన్నతవిద్యకు కొరత లేదు. తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. దాపుననే వెంకట్రామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. పెదవేగిలో పామాయిల్ చెట్టుకొరకు ప్రత్యేకముగా జాతీయ పరిశోధన సంస్థయే కలదు. పరదేశమునుండి వచ్చిన ఆ చెట్టుకు తెగులు సోకినచో పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు కలరు. ఇది రైతుకు మేలే. ఈ నేలమీదనే పుట్టిన ఆటపాటలు అడుగంటుచుండగా పరీక్షించువారెవరు?

ఇచట చదువదగినది ఎంత కలదో చూడుడు. కామవరపుకోట మండలములోని గుంటుపల్లి గుహలయందు, రాతిస్తూపమును చుట్టిన వలయాకారపు చైత్యగృహమున తలయెత్తి చూచినచో, గుడిసె కప్పునకు వాసములు దించినట్లు కొండలోనే చెక్కిన వాసములు కనిపించును. కొండ తనంత తాను నిలిచియుండగా ఆ రాతివాసములు మోయు బరువేమియు లేదు. మరి రెండువేల యేండ్ల క్రిందటి శిల్పి వానినెందుకు చెక్కెను? వడ్రంగి చేతి పనితనము శిల్పి ఉలిలోనికి ఎట్లు వచ్చెను? ఇది శిల్పశాస్త్రమునకు, చరిత్రకు, వాస్తువునకు చెందిన ప్రశ్న. దీనిని అడుగుట నేర్పునదే విశ్వవిద్యాలయము. జాతరలో గరగను తలపై నిలిపి, చేయి తాకించకయే అడుగులు వేయు కళాకారుని చూడుడు. ఆతనికి ముందు డప్పు వాయించువాడు గడ్డిమంటపై తోలును కాచి, వేలితో తట్టి, నాదము బిగిసినదాకా చెవియొగ్గి వినును. ఆ చెవి ఏండ్ల సాధనచే సిద్ధించినది. ఆ నడక, ఆ లయ లిఖితమై పాఠమై తరువాతి తరమునకు అందవలసియున్నది.

ఆలసింప వీలులేని కారణము మరియొకటి కలదు. పోలవరము ప్రాజెక్టు వలన ఊళ్లు విడిచిన కోయ, కొండరెడ్డి కుటుంబములవారు పలువురు జంగారెడ్డిగూడెము, జీలుగుమిల్లి పరిసరములలోని పునరావాస కాలనీలలో నివసించుచున్నారు. వారికి ఇండ్లు కట్టియిచ్చితిమి. కొండను, వాగును పేరుపెట్టి పిలుచు రేల పాటలకు, కొమ్ము నృత్యమునకు చోటు చూపలేదు. పాడగల వృద్ధులుండగనే ఆ పాటలను వారి మనుమలే విద్యార్థులై నేర్చి భద్రపరుపవలెను.

కళ చదివినవానికి కూడు దొరకునా యని అడుగువారి ప్రశ్న న్యాయమైనదే. పట్టభద్రులెల్లరు ప్రఖ్యాత చిత్రకారులు కాజాలరు. ఇంజనీరింగు చదివినవారెల్లరు ఇంజనీర్లగుచున్నారా? బడులకు చిత్రలేఖన, సంగీతోపాధ్యాయులు కావలెను; ప్రదర్శనశాలలకు, ఆలయ సంరక్షణకు, చలనచిత్రమునకు, యానిమేషనుకు శిక్షణ పొందిన చేతులు కావలెను. ఏలూరి తివాచీకి కొత్త నమూనాలు గీయువాడు లేనిచో మగ్గము నిన్నటి నమూనానే మరల మరల నేయును. కళాశాఖను తెరచుటతో ప్రభుత్వము తృప్తిపడక, బడులలో ఈ ఉద్యోగములను నింపినప్పుడే తలిదండ్రుల భయము తీరును.

పరీక్షల పాలైన కళ జీవము కోల్పోవునని శంకించు పెద్దలును కలరు. నారాయణదాసు హరికథలో పట్టా పుచ్చుకొని విజయనగరమున బోధింపలేదు. విద్వత్తే ఆయన పట్టా. స్థానిక కళాకారులను ఉన్నత విద్యాలయములకు ఆహ్వానింపవచ్చునని 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము చెప్పుచున్నది. అక్షరము రాని గరగ కళాకారుడు ఆచార్యునితో సమానమైన గౌరవముతో, సమానమైన వేతనముతో బోధించు ఏర్పాటున్నచోట కళ బ్రతుకును.

కావున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయపు తాడేపల్లిగూడెం ప్రాంగణమున దృశ్యకళలకును, ప్రదర్శన కళలకును పరిపూర్ణమైన విభాగమును నెలకొల్పవలెనని నా కోరిక. ప్రవేశము మార్కులనుబట్టి గాక చేతి నేర్పును, గొంతును, అడుగును చూచి ఈయవలెను. చదువులో సగము కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలోను, గిరిజన గూడెములలోను సాగవలెను. ఏజెన్సీ బాలికలకు ఉచిత వసతి ఉండవలెను. పామాయిల్ ధరకొరకు మన శాసనసభ్యుల గుమ్మము తొక్కుట మనకు అలవాటే. బిడ్డల కళావిద్యకొరకును అదే గుమ్మము, అంతే పట్టుదలతో తొక్కుదము.