వారం వంట సంతలోనే నిర్ణయం కావాలి

రక్తం తక్కువంటే ఆపిల్, చక్కెర వ్యాధి అంటే ఓట్స్, నీరసమంటే డబ్బా పొడి. పట్నంలో అచ్చయిన ఆహార పట్టికలు హైదరాబాదు అపార్ట్‌మెంటుకూ, జూలూరుపాడు మండలంలోని పత్తి రైతు ఇంటికీ ఈ ఒక్క పాఠాన్నే చెబుతున్నాయి. ఇవి హానికరమని నేననను, ఈ నేలకు పనికిరానివని మాత్రం అంటాను. ఆపిల్‌లో ఇనుము నామమాత్రం. వంద గ్రాముల జామకాయలో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకు పైబడి ఉంటే, ఆపిల్‌లో ఐదైనా ఉండదు. అయినా రోగిని పలకరించడానికి వచ్చేవారి చేతిలో కనిపించేది ఆపిలే. జామకాయలు తీసుకువెళితే మర్యాదకు లోటట!

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019-21) ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు మొదలు ఐదేళ్ల లోపు పిల్లలలో నూటికి 70 మందికి, 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచిస్తున్నాయి. నలుగురున్న ఇంటికి లెక్క వేయండి. కూరగాయలే వారానికి 11 కిలోలవుతాయి. పిల్లల వంతు తగ్గించినా ఎనిమిదికి దిగదు. ఇప్పుడు మీ సంత సంచిని తూచి చూడండి. అందులోంచి బంగాళాదుంపలను తీసివేసి మరీ తూచండి, ఆ 400 గ్రాములలో వాటికి చోటు లేదు. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతున్నాయి. సంతోషమే. కానీ అన్నం కుండ నిండితే కూరగిన్నె నిండినట్టు కాదు. వంద గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా లేదు.

సంత వారానికొకసారే గనుక రోజూ తాజా కూర తినడం మనవల్ల కాదని కొందరి వాదన. అసలు వారానికొక్క సంత ఉన్నవారికే వంటను ముందుగా ఆలోచించుకోవలసిన అవసరం ఎక్కువ. వీధి చివర దుకాణం ఉన్నవారు ఆలోచించకపోయినా నడుస్తుంది. ముందే వంటకం అనుకొని దానికోసం సంతకు వెళ్లకండి. ఆ వారం కుప్పలుగా ఏది వచ్చిందో చూడండి, అదే చవక, అదే తాజా. ఇంటికి తెచ్చాక ఏది ముందు వాడిపోతుందో దానిని ముందు వండండి. తోటకూర, గోంగూర, బచ్చలి, మెంతికూర మొదటి రెండు రోజులవి. ఆకు వాడుతున్నకొద్దీ దానిలోని సి విటమిన్ కరిగిపోతుంది. మధ్య రోజులు బెండ, వంకాయ, బీర, చిక్కుడువి. దోసకాయ, సొర, గుమ్మడి, కంద, చేమ వారం చివరిదాకా ఆగుతాయి. సంత ముందురోజు చాలా ఇళ్లలో పచ్చడి మెతుకులే గతి. ఆ రోజుకు ఉలవలో, పెసలో, అలసందలో ముందే కొని ఉంచండి. పెరటి మునగ నుంచి గుప్పెడు ఆకు దూసి పప్పులో వేయండి, నిమ్మకాయ పిండండి. పుల్లనిది తోడైతే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం ముగిసీ ముగియగానే టీ తాగితే ఆ ఇనుములో చాలా భాగం వృథా.

అడవి అంచున ఉన్నవారికి మరొక భాగ్యం కూడా ఉంది. వేసవిలో చింతచిగురు, తునికిపండ్లు, మొర్రిపండ్లు. వానలు పడగానే తుమ్మికూర, బోడకాకర. దసరా రోజులలో సీతాఫలం, చలికాలంలో రేగుపండ్లు. వీటిని గంపలలో తెచ్చే ఆదివాసీ మహిళలు సంత మూలన కూర్చుంటారు. మనం వారిని దాటుకుని లారీలో దిగిన క్యాబేజీ దగ్గరికి పోతాం. అడవి పుట్టగొడుగుల విషయంలో మాత్రం జాగ్రత్త. తరతరాలుగా గుర్తుపట్టగలిగిన చేతులనుంచే తప్ప కొనవద్దు.

సంతలో ఉన్నదంతా అమృతమని నేను చెప్పబోవడం లేదు. మన చేలను పత్తి, మిరప ఆక్రమించాయి. ఒకప్పుడు కలుపు తీస్తూ ఒడిలో వేసుకువచ్చిన గంగవాయిలు కూర, పొన్నగంటికూర ఇప్పుడు కలుపుమందుకు మాడిపోతున్నాయి. మందు కొట్టిన పత్తి చేనులో గానీ దాని గట్టున గానీ మొలిచిన ఆకును కోయకండి. ఎన్ని నీళ్లతో కడిగినా లోపలికి ఇంకిన మందు పోదు. పత్తి అమ్మిన డబ్బుతో కూర కొనుక్కుంటామనే రైతులు ఒక్క ఏడాది కూరల ఖర్చును కాగితం మీద రాసి చూసుకోవాలి. బావి పక్కన అయిదు గుంటలు కూరలకు విడిచిపెట్టడం వ్యవసాయం తెలియనివారి సలహా కాదు. ఇంట్లో పసిపిల్లలున్న ప్రతి రైతుకూ అది మొదటి పంట కావాలి.

ప్రభుత్వాల తీరు చూడండి. పట్టణాలకు 1999లోనే రైతుబజార్లు వచ్చాయి. దళారీ లేకుండా రైతు స్వయంగా కూర్చుని అమ్ముకోవడానికి నీడ దొరికింది, ధరల పలక వెలిసింది. పల్లె సంతలకు దక్కినదేమిటి? మన ప్రాంతంలో చాలాచోట్ల గంప నేలకు దించకముందే ఆశీలు వసూలు చేసే మనిషి ఎదురుగా నిలబడతాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో గంట గడిస్తే గోంగూర కట్ట వడలిపోతుంది, ధర సగానికి పడిపోతుంది. బడి మధ్యాహ్న భోజనానికీ, అంగన్‌వాడీకీ కావలసిన ఆకుకూరలను ఈ గంపల నుంచే నేరుగా కొనే ఏర్పాటు చేస్తే అమ్మేవారికీ భరోసా, పిల్లలకూ ఇనుము. ఇందుకు కొత్త పథకమేదీ అక్కరలేదు.

రాబోయే గ్రామసభలో ఈ మాట ఎత్తండి. గంపెడు కూర తెచ్చినవారి నుంచి ఆశీలు తీసుకోవద్దని, వారు కూర్చునే చోట ఒక రేకుల షెడ్డు, ఒక నల్లా వేయించాలని తీర్మానం పెట్టమనండి. డబ్బు లేదన్న సమాధానం వస్తే, కిందటేడాది సంత వేలంపాటలో వచ్చిన సొమ్మెంతో, దేనికి ఖర్చయిందో అక్కడే చదివి వినిపించమనండి.