దౌత్య శిక్షణార్థికి భృతి న్యాయము

రెండవ ప్రపంచ సంగ్రామపు శిథిలములు పూర్తిగ తొలగింపబడకమునుపే, 1949లో, బెల్జియము దేశమందలి బ్రూజ్ నగరమున కాలేజ్ ఆఫ్ యూరప్ వెలసినది. నిన్నటివరకు ఒకరి పట్టణములపై నొకరు బాంబులు కురిపించుకొన్న జాతుల బిడ్డలు ఒక్క పంక్తిని భుజించి, ఒక్క గ్రంథాలయమున చదివి, ఒకరి భాష నొకరు నేర్చినచో, రేపటి వైషమ్యములను సంభాషణచే తీర్చుకొనగలరన్న విశ్వాసము దానికి పునాది. యూరోపు అధ్యయనములను పేర నేడు అనేక విశ్వవిద్యాలయములు బోధించుచున్న ఎం.ఏ. చదువునకు తొలి ఆదర్శములలో నదియొకటి. రాజ్యముల నడుమ మెలగనేర్చిన మనుష్యులను తీర్చుటకై పుట్టిన విద్య గనుక, ఆ పట్టభద్రుడు దౌత్యకార్యాలయమున ఇంటర్న్‌గ చేరగోరుట సహజము. కాని చదువునుండి దౌత్యమునకు సాగు ఆ త్రోవలో ఎవరు నడువగలుగుచున్నారు, ఎవరు తొలి మలుపుననే ఆగిపోవుచున్నారు అన్నది మనము విచారింపవలసిన విషయము.

ఆ త్రోవ యెంత అవసరమో మొదట గ్రహింపవలయును. చదువుకాలమున విద్యార్థి 1957 నాటి రోము సంధి మొదలుకొని, 2009 డిసెంబరు 1న అమలులోనికి వచ్చిన లిస్బన్ సంధివరకు అధికరణములను వరుసగ పఠించును. విదేశాంగ విధానమున సామాన్యముగ సభ్యరాజ్యములన్నియు ఏకగ్రీవముగ సమ్మతింపవలయునను నియమమును పరీక్షలో నిర్దుష్టముగ వ్రాయును. అయితే, ఇరువదియేడు రాజ్యముల ప్రతినిధులు కూర్చున్న సభలో ఒక్క రాజ్యము అభ్యంతరము తెలిపినంతనే ప్రకటన యెట్లు నిలిచిపోవునో, దానిని మరల కదలించుటకు భోజనవిరామమున ఎవరు ఎవరిని ప్రక్కకు పిలిచి మాటలాడుదురో, ఏ కోరికను విడిచి ఏ కోరికను నిలుపుకొందురో, పాఠ్యగ్రంథము చెప్పజాలదు. ఇంటర్న్ ఉదయము పత్రికల సారాంశము సిద్ధపరచును. సమావేశమున వెనుకవరుసను కూర్చుండి నోట్సు వ్రాసికొనును. రాయబారి మరునాడు కలిసికొనబోవు మంత్రిని గూర్చి రెండు పుటలకు మించని బ్రీఫింగ్ నోట్ సాయంకాలమునకు సమర్పించును. సుదీర్ఘమైన సిద్ధాంతవ్యాసము వ్రాయుటకు అలవాటుపడిన చేయి కొద్ది పంక్తులలో సారమును చెప్పనేర్చుట, వినినది వినినట్లు నమోదుచేయుట, తెలిసినదానిని గోప్యముగ నుంచుట అను గుణములు అనుభవజ్ఞుడైన అధికారి చెంత కూర్చున్ననే అలవడును.

ఇట్టి శిక్షణ రాజ్యములకు క్రొత్తది కాదు. ఆటోమను సామ్రాజ్యముతో వ్యవహరించుటకు ప్రాచ్యభాషలెరిగిన యువకులు కావలసివచ్చినప్పుడు, మరియా థెరీసా మహారాణి 1754లో వియన్నా నగరమున ప్రాచ్య విద్యాలయమును నెలకొల్పినది. నేటి వియన్నా దౌత్య అకాడమీ దాని సంతతియే. తనకు కావలసిన దూతలను తీర్చుకొను భారము తనదేయని రాజ్యము గుర్తించుటకు అదియొక నిదర్శనము.

నేడు ఆ భారమును సంస్థలన్నియు ఒక్కరీతిగ మోయుటలేదు. యూరోపియన్ కమిషన్ 1960లో ప్రారంభించి, ఇప్పుడు బ్లూ బుక్ అను పేర నడుపుచున్న ఐదుమాసముల శిక్షణ యేటేట మార్చి, అక్టోబరు మాసములలో మొదలగును. అందు చేరినవారికి నెలనెల భృతి లభించును. కాని అదే యూరోపియన్ యూనియనునకు చెందిన విదేశాంగ సేవావిభాగము, దేశదేశములందలి తన ప్రతినిధి కార్యాలయములలో వందలాది యువజనులచే చాలకాలము భృతిలేకయే పనిచేయించుకొన్నది. ఈ పద్ధతి పేదింటి యువకులకు ద్వారము మూయుచున్నదనియు, వారికి భృతి నీయవలయుననియు యూనియను సంస్థలపై ఫిర్యాదులను విచారించు యూరోపియన్ ఆంబుడ్స్‌మన్ ఎమిలీ ఓరైలీ 2017లో స్పష్టముగ పలికిన పిదప, ఆ విభాగము భృతితోగూడిన శిక్షణకు మరలినది. 2015లో ఐక్యరాజ్యసమితి ఇంటర్న్ ఒకడు జెనీవాలో గుడారమున నివసించి ఈ అన్యాయమును లోకము దృష్టికి తెచ్చినను, సమితి సచివాలయము తన ఇంటర్నులకు జీతము నీయని పద్ధతిని మానలేదు. అమెరికా విదేశాంగశాఖ మాత్రము 2022లో భృతితోగూడిన విద్యార్థి శిక్షణను ఆరంభించినది.

అనుభవమే చాలినంత ప్రతిఫలమని కొందరు పెద్దలు వాదింతురు. బ్రస్సెల్స్‌లో ఇంటి యజమాని అనుభవమును అద్దెగ స్వీకరింపడు. మరికొందరు నిధుల కొరతను చూపుదురు. నిధులు పదిమందికే చాలినచో పదిమందినే తీసికొని వారి నెలవ్యయమును భరించుట, ఏబదిమందిని పిలిచి ఆ భారమును వారి తల్లిదండ్రులపై మోపుటకంటె ధర్మసమ్మతము. ఇందు కేవలము యువకుల కష్టసుఖములే గాక, దౌత్యము యొక్క యోగ్యతయు ముడివడియున్నది. రైతు ఋణమెరుగని ప్రతినిధి వ్యవసాయ వాణిజ్యమును గూర్చి చర్చించుట, వలస కూలి బాధ వినని ప్రతినిధి వీసా ఒప్పందమును వ్రాయుట ఏ దేశమునకును శ్రేయస్కరము కాదు. ధనికుల బిడ్డలే దాటగల పరీక్షను నిలిపిన రాజ్యము, తన ప్రజలలో అధికసంఖ్యాకుల అనుభవమును చర్చలబల్లకు దూరము చేసికొనుచున్నది.

తెలుగునాటను ఈ విషయము మనది కాదనుకొనరాదు. భారతదేశము 1962లోనే యూరోపియన్ ఆర్థిక సమాజముతో దౌత్యసంబంధముల నేర్పరచుకొన్నది. 1993 డిసెంబరులో ఉభయపక్షముల నడుమ సహకార ఒప్పందము కుదిరిననాడు మన ప్రధాని, అంతకుముందు విదేశాంగమంత్రిగ పనిచేసిన బహుభాషావేత్త పి.వి. నరసింహారావు. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ పథకమున విద్యార్థివేతనము పొంది యూరోపునకు పోవు తెలుగు బిడ్డలు కలరు. ఆ వేతనము చదువుతోడనే ముగియును. కనుక ఇంటర్న్‌షిప్‌ను చదువులోనే భాగముగ నిలుపుకొన్నవారు ఆ కాలమున కూడ వేతనము పొందగలరు. యూరోకల్చర్ వంటి ఎం.ఏ. కోర్సులు మూడవ సెమిస్టరున ఇట్టి మార్గమును కల్పించుచున్నవి. బ్లూ బుక్ శిక్షణలో యూరోపియనేతరులకు స్వల్పసంఖ్యలో స్థానములున్నవి. మన విదేశాంగ మంత్రిత్వశాఖయు తన ఇంటర్నులకు నెలకు 10,000 రూపాయల గౌరవభృతిని ఏర్పరచినది. ఢిల్లీ అద్దెలకది చాలకున్నను, సూత్రము సరియైనది.

కావున మూడు విన్నపములు. విద్యార్థులారా, కోర్సును ఎన్నుకొనునప్పుడే అందు ఇంటర్న్‌షిప్ అంతర్భాగమగునో కాదో, దానికి భృతి యెంతయో విచారింపుడు. ఆంగ్లమునకు తోడు ఫ్రెంచి వంటి మరియొక భాషను కూడ నేర్చుకొనుడు. మన విశ్వవిద్యాలయములు అంతర్జాతీయ సంబంధముల ఎం.ఏ.లో ఒక సెమిస్టరును ఇట్టి శిక్షణకు కేటాయింపవలయును. మన ప్రభుత్వము గౌరవభృతిని జీవనవ్యయమునకు సరిపోవునట్లు పెంపవలయును. దేశము పక్షమున రేపు పలుకవలసినవారిని నేడు ఆకలితో పనిచేయించుట ఏ రాజ్యమునకును తగదు.