మొదటి గది ఎవరిస్తారు?

పోయిన భాగంలో ఏజెంట్ల గురించి రాశాను. వీసా వచ్చింది, అప్పు చేసి టికెట్ కొన్నారు, విమానం దిగారు. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఈ భాగమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

"అక్కడికెలిపోతే కులం గిలం ఏటుంటాది" అని మన పేటల్లో పిల్లల్ని సాగనంపుతారు. ఆ మాటలో ఆశ ఉంది, దాన్ని నేను వెక్కిరించను. కానీ దేశం దాటిన మన పిల్లలకి కులం చాలాసార్లు ఆఫీసు కన్నా ముందు, క్లాసు కన్నా ముందు, గది వెతుక్కునే దగ్గరే ఎదురవుతోంది.

బాబాసాహెబ్ 1913లో న్యూయార్క్ వెళ్ళారు. కొలంబియా యూనివర్సిటీ హాస్టల్ లివింగ్‌స్టన్ హాల్‌లో ఉన్నారు. గదిలో తోడు నావల్ భథేనా అనే పార్సీ కుర్రాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1917లో తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఊరంతటిలో ఆయనకి గది లేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. బొంబాయి రైలు టైమయ్యేదాకా ఆ పెద్ద చదువుల మనిషి పార్కులో కూర్చున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇదంతా ఆయనే రాసుకున్నారు.

అంటే ఆయనకి పరాయి దేశంలో గది దొరికింది, సొంత దేశంలో దొరకలేదు. న్యూయార్క్‌లో గది ఇచ్చింది యూనివర్సిటీ. ఇవాళ మన పిల్లలకి అక్కడ గది ఇచ్చేది "మనవాళ్ళు". తంటా అంతా ఆ మాటలోనే ఉంది.

అమెరికాలో కొత్తగా దిగినవాడికి సొంతంగా అపార్ట్‌మెంట్ దొరకడం కష్టం. క్రెడిట్ హిస్టరీ ఏదంటారు, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఏదంటారు, జీతం స్లిప్పులు చూపించమంటారు. ఇవేవీ లేకపోతే ఎక్కువ డిపాజిట్ కట్టాలి, లేదా అక్కడ స్థిరపడినవాడెవడో హామీ సంతకం పెట్టాలి. చీపురుపల్లి పక్క పల్లె నుంచి వెళ్ళిన కూలీ కొడుక్కి హామీ ఎవరు పెడతారు? మేనమామ డాలస్‌లో లేడు, బాబాయి న్యూజెర్సీలో లేడు. ఇక మిగిలింది తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు, అందులో షేరింగ్ రూమ్.

అక్కడ కులం ఏమిటని ఎవరూ నేరుగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు. శ్రీకాకుళం అంటే శ్రీకాకుళంలో ఎక్కడ, ఊళ్ళో ఏ వైపు అంటారు. నాన్నగారేం చేస్తారు, ఎంసెట్ ర్యాంకెంత, ఏ కాలేజీలో సీటొచ్చింది అంటారు. ఈ ప్రశ్నలన్నీ కలిపితే ఒకే ప్రశ్న. జవాబు నచ్చకపోతే "సారీ బ్రో, నిన్ననే ఒకరు ఓకే అయ్యారు" అని మెసేజ్ వస్తుంది. "వెజ్ ఓన్లీ" అని ప్రకటన పెట్టి ఆదివారం చికెన్ వండుకునే గదుల గురించి మన పిల్లలు నాకు చెప్తూనే ఉంటారు. ఆ బోర్డు కూర గురించి కాదని ఇంకా వివరించాలా?

చట్టాలు లేవా? కొన్నిచోట్ల ఉన్నాయి. 2020లో సిస్కో కంపెనీ మీద కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగమే కులవివక్ష కేసు వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఉద్యోగంతో పాటు ఇల్లు అద్దెకివ్వడం కూడా ఆ చట్టంలో ఉంది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఎస్‌బీ 403 బిల్లు పాస్ చేస్తే అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు.

మనం గమనించాల్సింది ఇంకొకటుంది. అమెరికా ఫెడరల్ గృహ చట్టం ఇంటి యజమాని వివక్షను నిషేధిస్తుంది. కానీ ఒకే ఇంట్లో కలిసి ఉండేవాళ్ళు రూమ్మేట్‌ని ఎంచుకోవడానికి ఆ చట్టం వర్తించదని 2012లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు తీర్పు చెప్పింది. కోర్టు వాదనలో అర్థం ఉండొచ్చు, పడకగదిలోకి ప్రభుత్వం రాకూడదంటుంది. మన సంగతి చూడండి. మన పిల్లలకి మొట్టమొదట కావలసింది అదే షేరింగ్ గది.

ఇది చదువుకున్నవాళ్ళ కథ. ఉద్దానం నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, హెల్పర్లుగా గల్ఫ్ వెళ్ళేవాళ్ళ కథ వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. పరిహారం చెట్టు లెక్కన, చెట్టున్నవాడికొచ్చింది. ఆ చెట్టెక్కి కాయ దింపే కూలీకి చెట్టు లేదు. అలాంటివాడికి పాస్‌పోర్టే దారి. గల్ఫ్‌లో వాడు గది వెతకనక్కర్లేదు, కంపెనీ క్యాంపులో మంచం ఇస్తుంది. ఆ మంచం ఎలాంటిదో 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో తెలిసింది. ఒకే భవనంలో దాదాపు రెండు వందల మంది కార్మికులున్నారు. మంటలొచ్చాయి. కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు, ఒకరు మన సోంపేట మండలం మనిషి. గదులను విడదీసిన పార్టిషన్లు మండే సరుకుతో చేసినవని, డాబా మీదికి తలుపు తాళం వేసి ఉందని వార్తలొచ్చాయి.

ఇంకా వెనక్కి వెళ్దాం. మన తాతలు రంగూన్ వెళ్ళారు. అక్కడ తెలుగు కూలీలందరినీ కోరంగీలు అనేవారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడెక్కించేవాడు, రేవులోనూ మిల్లులోనూ పని చూపించేవాడు. కూలీల లాడ్జింగ్ ఇళ్ళు పరిమితికి మించిన మనుషులతో కిక్కిరిసి ఉండేవి. 1930 అల్లర్లలో దెబ్బలు తిన్నదీ, 1942లో జపాన్ సేన వస్తే నడిచి పారిపోయి వచ్చిందీ వాళ్ళే. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఇంకా ఉంది.

రంగూన్, కువైట్, డాలస్ మూడూ కలిపి చూస్తే నాకు కనిపించేది ఒకటే. మొదటి పడక ఎవరిస్తారో పగ్గం వాళ్ళ చేతిలో ఉంటుంది. రంగూన్‌లో మేస్త్రీ చేతిలో, కువైట్‌లో కంపెనీ చేతిలో, డాలస్‌లో కులం చేతిలో.

బాబాసాహెబ్ బరోడా నుంచి ఏడుస్తూ వచ్చినా ఏడుస్తూ కూర్చోలేదు. 1925లో బహిష్కృత హితకారిణి సభ తరఫున షోలాపూర్‌లో మన పిల్లలకి హాస్టల్ తెరిపించారు. తనకి దొరకని గదిని తర్వాతివాళ్ళ కోసం కట్టారు. ఇవాళ మనం చేయాల్సింది కూడా అదే.

విదేశాల్లో ఇప్పటికే స్థిరపడ్డ అన్నలూ, అక్కలూ, మీరు ఏప్రిల్ 14న కేకు కోసి ఫొటోలు పెడుతున్నారు. సంతోషం. దానితో పాటు ఏడాదికి ఒక్క పిల్లకో పిల్లాడికో రెండు వారాలు మీ హాల్లో పడక ఇవ్వండి. వీలైతే హామీ సంతకం పెట్టండి. ఇచ్చేటప్పుడు మాలా, మాదిగా, రెల్లా అని అడగకండి. వర్గీకరణ మీద మనలో మనకి వాదన ఉంది, అది ఇక్కడ తేల్చుకుందాం. చలిలో సూట్‌కేసుతో నిలబడ్డ పిల్ల ముందు ఆ ప్రశ్న వేస్తే మనకీ ఆ "సారీ బ్రో" గాడికీ తేడా ఏముంది?

వెళ్ళబోయే విద్యార్థులూ, సీటు రాగానే యూనివర్సిటీ వసతికి దరఖాస్తు పెట్టండి, ఖరీదైనా మొదటి నెలకి అదే మేలు. లీజులో మీ పేరు ఉండేలా చూసుకోండి. గది నిరాకరించిన మెసేజ్‌లు డిలీట్ చేయకండి.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి: ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. పదో తరగతి పాసవని ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తుంది, ఆ కాగితం ఇంట్లో ఉంచి వెళ్ళండి. ఒప్పందంలో వసతి గురించి ఏం రాశారో చదివించుకోండి.

ఇక్కడున్న సంఘాలకి ఒక డిమాండ్ మిగిలింది. విదేశీ విద్య పథకాల గురించి అడిగినప్పుడల్లా మనం ఫీజు దగ్గరే ఆగిపోతున్నాం. మొదటి రెండు నెలల అద్దె, డిపాజిట్ కూడా అందులో ఉండాలని అడుగుదాం. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఈసారి కలెక్టరుకి ఇచ్చే వినతిపత్రంలో ఆ లైను రాయండి.

పడక ఇవ్వగలిగినవాళ్ళు మీ నగరం పేరు కింద రాయండి. మిగతాది నేను కలుపుతాను.

జై భీమ్.