ముప్పై ఏళ్ల అప్పు, మూడేళ్ల వీసా

డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కునే తెలుగు ఇంజినీరుకి బ్యాంకు 30 ఏళ్ల గడువుతో అప్పిస్తుంది. అతని హెచ్-1బి వీసాకి మాత్రం ఒక్కో విడతకి మహా అయితే మూడేళ్లు. జేబులో ఉన్న టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు మీద ‘లిమిటెడ్ టర్మ్’ అని అచ్చేసి ఉంటుంది. వీసా కాగితం ఎప్పటిదాకానో, బండి నడిపే హక్కూ అప్పటిదాకానే. అప్పిచ్చినవాడికి ఉన్నపాటి నమ్మకం కూడా ప్రభుత్వానికి లేదన్నమాట.

పొమ్మనలేదు కదా అంటాం ఇక్కడున్న మనం. పొమ్మనకపోవడమే అసలు చిక్కు. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగం మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ 7 శాతం మించి దక్కకూడదు. ఐస్‌లాండ్‌కీ మనకీ ఒకటే కొలత. కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమైనా, లైన్లో మన చోటు చెప్పే తేదీ, అంటే ప్రయారిటీ డేట్, కరెంట్ అయ్యేదాకా ఆగాల్సిందే. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో ఆ తేదీ కాస్త జరుగుతుంది, లేదా కదలదు, ఒక్కోసారి వెనక్కే పోతుంది. ఈలోగా వీసా పొడిగించుకుంటూ బతకొచ్చు. కాదన్నవాడి మీద కోర్టుకెళ్లొచ్చు. ఆగమన్నవాడితో ఏమని పోట్లాడతాం?

కాదని ముఖం మీదే చెప్పిన రోజులూ ఉన్నాయి. వైష్ణోదాస్ బగాయ్ అనే భారతీయుడు 1915లో భార్య కళా, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. దుకాణం పెట్టాడు, 1921లో పౌరుడయ్యాడు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ల లెక్కలోకి రారని, పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. బగాయ్‌కి ఇచ్చిన పౌరసత్వం లాక్కున్నారు. దుకాణం పోయింది. ఇండియా చూసొస్తానంటే పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో, ఎందుకు చచ్చిపోతున్నాడో పత్రికకి ఉత్తరం రాసిపెట్టి, ప్రాణం తీసుకున్నాడు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు పత్రికలన్నీ జాతిద్వేషం గురించి రాశాయి. రాయాల్సిందే. కానీ భర్త వీసా మీద ఉన్న సునయన ఆ రాత్రితోనే అక్కడ ఉండే హక్కునీ పోగొట్టుకుంది. అంత్యక్రియలకి హైదరాబాద్ వచ్చిన మనిషి తిరిగి వెళ్లాలంటే ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకోవాల్సొచ్చింది. అందరికీ కాంగ్రెస్ సభ్యుడు దొరకడు.

రెండేళ్ల వయసులో విజయవాడ నుంచి చంకనేసుకుని తీసుకెళ్లిన కూతురు, అక్కడే పుట్టిన కొడుకు ఉన్న ఇల్లు ఊహించండి. తమ్ముడు పుట్టుకతో పౌరుడు. అక్క 21 దాటితే ఇక ‘డిపెండెంట్’ కాదు. తనకి ఊహ తెలిసిన ఊళ్లోనే విదేశీ విద్యార్థిగా వీసా అడుక్కోవాలి. పుట్టినరోజు దగ్గరపడుతుంటే భయపడే ఇల్లది.

అమెరికా తెలుగు కథలో ఆవకాయా, గోంగూరా, ఇక్కడ మిగిలిపోయిన అమ్మానాన్నలూ దండిగా ఉన్నారు. ఈ గ్రీన్‌కార్డు ఫైలు మాత్రం అరుదుగా కనపడుతుంది. ఫైలు నడుస్తున్నవాడు నోరు విప్పడు. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోడానికి మహా అయితే 60 రోజులు, బాసుకి కోపం తెప్పించే ధైర్యం ఎవరికుంటుంది? ఇక కార్డు చేతికొచ్చినవాళ్లు ఆ ఏళ్లని మర్చిపోయే తొందరలో ఉంటారు. వెనకున్నవాళ్లకి ‘మేమూ లైన్లోనే వచ్చాం’ అని పాఠం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ లైను అప్పట్లో ఎంత పొడుగుండేదో మాత్రం చెప్పరు.

ఈ కథలు మాకు కావాలి. మారుపేరుతో పంపినా వేసుకుంటాం. కంపెనీ పేరు, ఊరి పేరు తీసేయండి. ప్రయారిటీ డేట్ మాత్రం ఉంచండి.