బల్లకు బాలుడా, బాలునికి బల్లయా?

పాఠశాలలో బల్లలన్నియు ఒకే కొలతవి, పిల్లలు కారు. మస్తిష్క పక్షవాతముగల బాలునికి అట్టి బల్లపై పాదములకు నేల అందదు, నడుము జారును. పడిపోకుండ బల్లను పట్టుకొనుటకే రెండు చేతులును చాలవు. ఇక వ్రాయుట యెట్లు? వానిని మందమతి యనుట లోకమునకు సులభము!

పాదముల క్రింద పీట, తొడలకు పైగా ఒక నడికట్టు, ఇరుప్రక్కల ఆనిక ఉన్నచో తల నిలుచును, చేతులు విడివడును. దీనికి ధనము లేదందురేమో. జింబాబ్వేలో బెవిల్ పాకర్ పాత కాగితములను, అట్టలను పిండిజిగురుతో పొరలు పొరలుగా అంటించి గట్టి కుర్చీలు చేయు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. బిడ్డను కొలిచి మరీ చేయవచ్చును. పాత పత్రికలు లేని పాఠశాల కలదా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, 40 శాతమునకు తక్కువకాని వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్య హక్కు నిచ్చినది. హాజరుపట్టీలో పేరు చేరుచున్నది, నిజమే. బల్ల క్రింద ఆ బిడ్డ పాదము లెట్లు వ్రేలాడుచున్నవో వంగి చూచు తనిఖీదారు మాత్రము అరుదు.