ఫైర్‌వాల్ ఆపెయ్యకండి, ముందు గేట్లు లెక్కపెట్టండి

ఆటలో ఎవరైనా చేరలేకపోతే అందరూ ఇచ్చే మొదటి సలహా ఒకటే: "ఫైర్‌వాల్ ఆపెయ్." నాకు ఈ సలహా అస్సలు నచ్చదు. కరెంటు పోయిందని ఇంటి తాళం పగలగొట్టినట్టు ఉంటుంది.

మనలాంటి వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. పండక్కి ఫోన్ చేస్తే "బాగున్నారా, తిన్నారా" దగ్గరే మన తెలుగు అయిపోతుంది. అదే మైన్‌క్రాఫ్ట్‌లో రెండు గంటలు కూర్చుంటే "ఒరేయ్, వెనక్కి చూడు", "అది నాది, ముట్టుకోకు", "ఆగాగు, వస్తున్నా" అన్నీ వాటంతటవే వస్తాయి. వేసవిలో టెక్సస్‌లో శనివారం పొద్దున 9 అంటే విజయవాడలో రాత్రి 7:30. ఆ రెండు గంటలు పోతే ఆ వారం నా తెలుగు పోయినట్టే.

మా పిన్ని కొడుకు "అక్కా, కలవట్లేదు" అంటాడు. "ఫోన్ కలవట్లేదు" అన్నట్టే. "కనెక్ట్ అవ్వట్లేదు" కన్నా నాకు ఈ మాటే ఇష్టం. రాసి పెట్టుకోండి.

ఎందుకు కలవదో అపార్ట్‌మెంట్‌తో చెప్తాను. బయటివాళ్ళకి మీ ఇల్లు అంతా కలిపి ఒకటే అడ్రస్. లోపల ఫోన్, టీవీ, పీసీ, ఎక్స్‌బాక్స్ తలా ఒక ఫ్లాట్. రూటర్ వాచ్‌మన్. మీ ఫ్లాట్ నుంచి ఎవరైనా బయటికి వెళ్తే రాసుకుంటాడు, తిరిగొస్తే లోపలికి పంపుతాడు. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి వస్తే "ఎవరింటికి?" అని గేట్ దగ్గరే ఆపేస్తాడు. అది అతని పని. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే "25565 అని అడిగితే మా ఫ్లాట్‌కి పంపు" అని అతనికి చెప్పడం. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కి మామూలుగా వాడే పోర్ట్ అదే. ఆ పీసీ నంబర్ మారిపోకుండా రూటర్‌లో ఖాయం చెయ్యాలి, లేకపోతే వాచ్‌మన్ పక్క ఫ్లాట్ తలుపు కొడతాడు. యూపీఎన్‌పీ ఆన్ చేస్తే ఆటే వాచ్‌మన్‌తో మాట్లాడుకుంటుంది. కానీ లోపలి ఏ ప్రోగ్రామైనా అలా మాట్లాడగలదు, అందుకే నేను చేత్తోనే రాస్తాను.

ఇదంతా మన ఇంట్లోనే ఆట నడిపినప్పుడు. కంపెనీ సర్వర్ మీద నడిచే ఆటకి మామూలుగా ఏ పోర్టూ తెరవక్కర్లేదు. అక్కడ ముందు వైఫైని అనుమానించండి.

అసలు సంగతి ఇప్పుడు. మా తమ్ముడు తన పీసీలో ఆట నడుపుదామని వారం రోజులు కష్టపడ్డాడు. పోర్ట్ రాశాడు, కలవలేదు. విండోస్ ఫైర్‌వాల్ తీసేశాడు, కలవలేదు. పీసీని డీఎంజెడ్‌లో పెట్టాడు, అంటే బయటినుంచి పిలవకుండా వచ్చే ప్రతీదాన్ని వాచ్‌మన్ నేరుగా అతని ఫ్లాట్‌కే పంపుతాడు. ఆ ఫ్లాట్‌కి తలుపు కూడా లేదు! బాబాయ్ ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా అదే ఇంట్లో ఉంటుంది.

నేను ఒక్కటే అడిగాను: "రూటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ ఏముంది?" 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి ఇంటర్నెట్ కంపెనీలు చాలా ఇళ్ళని ఒకే అడ్రస్ వెనక పెట్టడానికి 2012లో కేటాయించినవి. పాత రకం అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే కాబట్టి పంచుకోక తప్పదు. అంటే మా వాడి వాచ్‌మన్ అవతల ఇంకో పెద్ద గేట్ ఉంది, దాని వాచ్‌మన్ మన మాట వినడు. ఇంట్లో ఎన్ని తలుపులు తీస్తే ఏం లాభం?

అందుకే ముందు గేట్లు లెక్కపెట్టండి అంటున్నాను. రూటర్‌లోని వ్యాన్ అడ్రస్, "నా ఐపీ ఏంటి" అని వెతికితే వచ్చే అడ్రస్ ఒకటేనా? ఒకటే అయితే గేట్ ఒకటే. పోర్ట్ రాయండి, ఫైర్‌వాల్‌లో ఆ ఆటకి మాత్రం అనుమతి ఇవ్వండి. వ్యాన్ 192.168తో మొదలైతే సాధారణంగా మీ ఇంట్లోనే రెండు రూటర్లు ఉన్నట్టు. కంపెనీ ఇచ్చిన పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే చాలాసార్లు సరిపోతుంది. 100.64 రకం అయితే ఇంట్లో ఏదీ ముట్టుకోకండి. ఒక గేట్ ఉన్న ఇంటివాళ్ళు ఆట నడపాలి. మేమూ అదే చేశాం: ఇప్పుడు ఆట మా ఇంటినుంచి నడుస్తుంది, తమ్ముడి ఫైర్‌వాల్ మళ్ళీ ఆన్ అయింది.

ఇద్దరికీ పెద్ద గేటే ఉంటే సర్వర్ అద్దెకి తీసుకోవచ్చు. లేదా అక్కడివాళ్ళు కంపెనీకి ఫోన్ చేసి ఇలా అడగొచ్చు: "మాకు పబ్లిక్ ఐపీ కావాలండీ. ఇస్తారా? నెలకి ఎంతవుతుంది?" చివర ఆ "అండీ" మర్చిపోకండి.